అక్వేరియం దుకాణంలో ఫైటర్ చేపలను సీసాల్లో కాకుండా ఎలా ఉంచాలి, ఎలా అమ్మాలి?

ప్రశ్న – పాలకొల్లు నుంచి

అందరికీ నమస్కారం. పాలకొల్లులో మా మేనమామగారు చాలాకాలంగా నడుపుతున్న అక్వేరియం దుకాణం బాధ్యత వచ్చే నెల నుంచి నాకు అప్పగించబోతున్నారు. మిగిలిన చేపల సంగతి ఎలా ఉన్నా, మన ప్రాంతంలో ఫైటర్ చేపలను అమ్మకానికి పెట్టే తీరు నాకు మొదటినుంచీ మింగుడుపడదు. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బాలో, తోక విప్పుకోవడానికి కూడా చాలని నీళ్ళలో ఒక్కొక్క మగచేపను పెట్టి, ఆ డబ్బాలను అరల నిండా పేర్చేస్తారు. రెండు రోజులకే నీరు పసుపు రంగుకు తిరుగుతుంది, చేప అడుగున ఒరిగి ఉంటుంది, కొనడానికి వచ్చినవారు డబ్బాను వేలితో కొట్టి కదిలిందో లేదో చూసి పట్టుకుపోతారు. ఈ చేపలు మాకు చెన్నై కొళత్తూరు నుంచి ఆక్సిజన్ కవర్లలో వస్తాయి. సరుకు దిగినప్పటి నుంచి కొన్నవారి ఇంటికి చేరేదాకా ఏ దశలో ఏం మార్చాలో, మన ఎండలకూ మన నీళ్ళకూ సరిపోయేలా అనుభవమున్నవారు చెప్పగలరా? మగచేపలు ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి కాబట్టి అన్నిటినీ ఒకే తొట్టెలో వదలలేనని నాకు తెలుసు.

సమాధానం – ఆక్వా ల్యాబు టెక్నీషియన్, భీమవరం

మీ ప్రశ్న చూసి చాలా సంతోషించానండి. రొయ్యల చెరువులో ఒక్క పూట ఎయిరేటర్ ఆగితే కంగారుపడి నీళ్ళ శాంపిలు పట్టుకుని పరుగెత్తుకొచ్చే మన జిల్లాలో, అక్వేరియం దుకాణం నుంచి ల్యాబుకు నీళ్ళు తెచ్చి చూపించుకున్నవారిని నేను చూసింది తక్కువ.

ఫైటర్ చేప సీసాలో బతుకుతుందన్న నమ్మకం ఎక్కడ పుట్టిందో ముందు చూద్దాం. మన కొరమీను లాగే అది నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు. అందువల్ల ఆక్సిజన్ లేని నీటిలో కూడా వెంటనే చావదు. కానీ చేప తన మొప్పల ద్వారా అమ్మోనియా అనే విష వ్యర్థాన్ని వదులుతూనే ఉంటుంది, పైకి వచ్చి గాలి పీల్చినంత మాత్రాన ఆ అమ్మోనియా ఎక్కడికీ పోదు. పావు లీటరు నీటిలో అది ఒక్క రోజులోనే మొప్పలను కాల్చే స్థాయికి చేరుతుంది. దాని సొంత దేశమైన థాయిలాండ్‌లో అది వరిచేలలో, బురద మడుగుల్లో ఉంటుందని చెప్పి చిన్న డబ్బాను సమర్థించేవారున్నారు. చేలో నీరు లోతు తక్కువే గాని ఎకరాల కొద్దీ పరచుకుని ఉంటుందనీ, మట్టిలోని బ్యాక్టీరియా, మొక్కలు ఆ మలినాన్ని ఎప్పటికప్పుడు తీసేస్తాయనీ వరి పండించే మనకు వేరే చెప్పనక్కరలేదు.

సరుకు దిగే రోజు చాలా ముఖ్యం. కవరులో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) పడిపోయి ఉంటుంది, ఆ తక్కువ పీహెచ్‌లో అమ్మోనియా ఎక్కువ భాగం హాని లేని రూపంలో ఉంటుంది. మూతి విప్పగానే ఆ వాయువు బయటకు పోయి పీహెచ్ పెరుగుతుంది, దానితోపాటు అమ్మోనియా విషంగా మారుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే ఆ విషపు భాగం దాదాపు పది రెట్లవుతుంది. కాబట్టి కవర్లన్నీ ఒకేసారి కోసేసి, తీరిక దొరికినప్పుడు చేపలను మార్చవచ్చని వదిలేయకండి. మూసిన కవరును మీ తొట్టె నీటిపై పదిహేను, ఇరవై నిమిషాలు తేలనిచ్చి వేడి సమానమయ్యాక, ఒక్కొక్క కవరునే విప్పి, చేపను వలతో తీసి లోపల వేయండి. కవరు నీళ్ళు తొట్టెలో కలవకూడదు. కొత్త చేపలకు కనీసం రెండు వారాలు విడి తొట్టె, విడి వల ఉండాలి. తెల్లమచ్చ వ్యాధి ఒక తొట్టె నుంచి ఇంకొక తొట్టెకు తడి వలతో కూడా ఎక్కుతుంది.

ఇక ఉంచడానికి, పొడవాటి గాజు తొట్టెను చిల్లులున్న అడ్డుపలకలతో గదులుగా విడగొట్టి, ఒక్కొక్క గదికి మూడు లీటర్లకు తగ్గకుండా నీరు వచ్చేలా చూసి, మొత్తం తొట్టెకు కలిపి గాలి మోటారుతో నడిచే స్పాంజి ఫిల్టర్లు పెట్టండి. నీరంతా ఒకటే కాబట్టి పరీక్ష కూడా ఒకటే చాలు. అడ్డుపలకలు అవతలి చేప కనబడనివిగా ఉండాలి, లేకపోతే పగలంతా మొప్పలు విప్పి ఎదురెదురుగా బెదిరించుకుంటూ నీరసపడతాయి. గాలి మోటారు ఉధృతి తగ్గించండి, ఆ పొడవాటి రెక్కలతో ప్రవాహానికి ఎదురీదలేవు. నీటికీ మూతకూ మధ్య గాలి ఆడే జాగా తప్పనిసరి.

సమాధానం – దుకాణదారుడు, తణుకు

బాబూ, మీ ఉద్దేశం మంచిది. అయితే ఒక మాట చెప్పాలి. ఫైటర్ కొనే వారిలో చాలామంది వంద, నూటయాభై రూపాయలు జేబులో పెట్టుకుని వచ్చే స్కూలు పిల్లలే. ఇరవై లీటర్ల తొట్టె, ఫిల్టరు, మోటారు అంటూ చెబితే పక్క దుకాణానికి వెళ్ళి సీసాతో సహా కొనుక్కుంటారు. దుకాణంలో ఎంత బాగా చూసుకున్నా, అమ్మే చోట తగ్గకపోతే వ్యాపారం నిలబడదు. ఈ చిక్కుకు ఎవరైనా దారి చెబితే నేనూ పాటిస్తాను.

సమాధానం – ఉపాధ్యాయిని, అమలాపురం

తణుకు నుంచి రాసినవారికి, మీరు చెప్పిన ఇబ్బంది నిజమైనదే, కానీ దానికి ఖరీదైన గాజు తొట్టెతో పని లేదు. పదిహేను, ఇరవై లీటర్లు పట్టే ప్లాస్టిక్ టబ్బు, ఒక స్పాంజి ఫిల్టరు, చిన్న గాలి మోటారు ఉంటే ఫైటర్ చేప మూడు, నాలుగేళ్ళు హాయిగా బతుకుతుంది. మా బడి పిల్లలు అలాగే పెంచుతున్నారు. దుకాణదారు చేయగల పెద్ద సాయం ఇంకొకటి ఉంది. మీ పాత తొట్టెలో కొన్ని నెలలు నానిన స్పాంజి ముక్కను కొత్తగా కొన్నవారికి తడి ఆరకుండా కవరులో పెట్టి ఇవ్వండి. అమ్మోనియాను హరించే బ్యాక్టీరియా అందులోనే ఉంటుంది. కొత్త తొట్టెలో అది తనంతట తాను పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, పిల్లల చేపలు ఎక్కువగా చనిపోయేది సరిగ్గా ఆ వారాల్లోనే. చేప చనిపోతే పిల్లవాడు మళ్ళీ వస్తాడని కొందరు లెక్క వేసుకుంటారు గాని, రెండు చేపలు పోయాక వాళ్ళ అమ్మగారు మూడోది కొననివ్వరు. బతికిన చేపకు మాత్రం మేత కోసం నెలనెలా వస్తారు.

అమ్మేటప్పుడు అడగాల్సినవి అడగండి. ఎందులో పెంచుతారు, నీళ్ళు కుళాయివా బోరువా, ఇంట్లో ఇంకో ఫైటర్ ఉందా? రోజుకు రెండు పూటలు, చేప కన్ను అంత ఉండే గుళికలు రెండో మూడో చాలునని మేత డబ్బా మీదే రాసివ్వండి. పుట్టినరోజు పిల్లలకు పంచడానికి ముప్పై గోల్డ్ ఫిష్ కావాలని, ముప్పై చిన్న కవర్లలో కట్టివ్వమని అడిగేవారికి దయచేసి అమ్మవద్దు. రెండు మగ ఫైటర్లను కలిపి పందెం చూడాలనుకునే కుర్రాళ్ళు కూడా మన వైపు ఉన్నారు, వారికీ అమ్మవద్దు. 2018 నాటి పెంపుడు జంతువుల దుకాణాల నియమాల్లో కుక్కలు, పిల్లులు, కుందేళ్ళు, పక్షుల వంటి వాటి పేర్లే కనిపిస్తాయి గాని చేపల ప్రస్తావన లేదు. అయితే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మనిషి కాక మిగిలిన ప్రతి ప్రాణినీ జంతువుగానే లెక్కిస్తుంది, జంతువులను పోట్లాటకు ఉసిగొల్పడాన్ని నేరమంటుంది.

గాజు శుభ్రం చేస్తుందని చెప్పి అంటగట్టే సక్కర్ చేప గురించి కూడా చెప్పాలి. అంగుళాల్లో కొన్న ఆ చేప అడుగు దాటి పెరుగుతుంది, తొట్టె చాలక దానిని తీసుకెళ్ళి కాలువలో వదిలేస్తారు. ఈ రోజున కొల్లేటిలోనూ, మన కాలువల్లోనూ వలలు చింపుతున్న డెవిల్ ఫిష్ అదే. దానిని అసలు తెప్పించకండి. పెంచలేని చేప ఏదైనా ఉంటే కాలువలో వదలకుండా తిరిగి మీకే ఇమ్మని దుకాణం ముందు బోర్డు పెట్టండి.

ప్రశ్నించినవారు – పాలకొల్లు

అందరికీ కృతజ్ఞతలు. అడ్డుపలకల తొట్టెకు గాజు కోయించడానికి రేపే మాట్లాడతాను. సక్కర్ చేపలు ఇకపై తెప్పించవద్దని మామయ్యగారితో చెప్పాను, ఆయన ఒప్పుకున్నారు. భీమవరం గారికి ఇంకొక సందేహం. వేసవిలో కాలువలు కట్టేశాక మా కుళాయి నీళ్ళు బ్లీచింగ్ వాసన కొడతాయి, బోరు నీళ్ళేమో ఉప్పగా ఉంటాయి. ఆ రోజుల్లో నీరు మార్చడం ఎలా? మధ్యాహ్నం షట్టరు దించితే లోపల ఉడికిపోతుంది కూడా.

సమాధానం – ఆక్వా ల్యాబు టెక్నీషియన్, భీమవరం

కుళాయి నీళ్ళనే వాడండి. పెద్ద డ్రమ్ములో పట్టి, గాలి మోటారు పెట్టి ఒక రోజంతా ఉంచితే క్లోరిన్ పోతుంది. అత్యవసరమైతే క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్ వాడవచ్చు, మోతాదు మా ల్యాబులాంటి చోట అడిగి వేయండి. బోరు నీటిని ఉప్పు శాతం, గట్టిదనం కొలిపించకుండా కలపవద్దు. నీరు ఒకేసారి మొత్తం మార్చకుండా వారానికి పావు వంతు చొప్పున మార్చండి, మేత తగ్గించండి. ఫైటర్ చేపలకు 24 నుంచి 28 డిగ్రీలు అనుకూలం. షట్టరు దించే వేళల్లో వెనుక కిటికీ తెరిచి, నీటి మీదుగా గాలి వీచేలా ఫ్యాను పెడితే రెండు, మూడు డిగ్రీలు తగ్గుతుంది. గోల్డ్ ఫిష్‌కు అంతకంటే చల్లదనం కావాలి, పైగా అది ఫైటర్ లాగా పైగాలితో నెట్టుకురాలేదు, కాబట్టి కరెంటు పోయినప్పుడు ముందుగా ఆ తొట్టెల మోటార్లకే బ్యాటరీ పెట్టండి. మే నెలలో కొత్త సరుకు వీలైనంత తక్కువ తెప్పించండి, తెప్పించినా రాత్రి బండికే వేయించుకోండి.