శనివారానికి జరిగిన సద్దుల బతుకమ్మ: పిల్లను ఎటు పంపాలి?

ప్రశ్న (హన్మకొండ, ఒక మేనత్త):
మా అన్న కుటుంబం డాలస్‌లో స్థిరపడి 11 ఏళ్ళయింది. ఆరేళ్ళప్పుడు వెళ్ళిన నా మేనకోడలికి ఇప్పుడు 17 ఏళ్ళు. అక్కడి మనవాళ్ళు అందరికీ సెలవు కలిసివస్తుందని సద్దుల బతుకమ్మను శనివారానికి పెట్టుకున్నారు. అదే సాయంత్రం పిల్ల చదివే బడిలో హోమ్‌కమింగ్ (పాత విద్యార్థులను పిలిచి బడి ఏటా జరిపే వేడుక) డాన్స్ ఉంది. ఆమెకు బడిలో ఇదే ఆఖరు ఏడు. "ఆడపిల్ల బతుకమ్మను విడిచి డాన్సుకు పోతుందా?" అని అన్న, "నేను ఎక్కడిదాన్నత్తా?" అని పిల్ల, ఇద్దరూ నాకే ఫోన్ చేస్తున్నారు. పెద్దలు ఏమంటారు?

జవాబు (కరీంనగర్, విశ్రాంత ఉపాధ్యాయుడు):
పంపకూడదమ్మా. పరాయి దేశంలో మన పాట చుట్టూ పదిమంది చేరే సాయంత్రం ఏడాదికి ఒక్కటే వస్తుంది. దాన్నీ వదులుకుంటే రేపు ఆమె పిల్లలకు తంగేడు పువ్వు ఏ రంగులో ఉంటుందో చెప్పేవారుండరు.

జవాబు (వరంగల్, ఇద్దరు మనుమరాళ్ళ అమ్మమ్మ):
మాస్టారు గారి భయం నాదీను. నా మనుమరాళ్ళూ అక్కడే పెరుగుతున్నారు. అయినా పిల్లను డాన్సుకు పంపమనే అంటాను. పెత్రమాస నాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో నాడు సద్దులతో ముగియవలసిన పండుగను అక్కడి పెద్దలు తమ కొలువుల కోసం శనివారానికి జరిపారు. అది తప్పని అనను, మన వేములవాడలోనే ఏడో నాడు సద్దుల బతుకమ్మ ఆడతారు. అయితే తమ వీలుకు జరుపుకున్న రోజును పిల్ల ముందు మాత్రం కదలని ఆచారంగా నిలబెట్టడం న్యాయం కాదు.

అక్కడ బతుకమ్మ ఆడే హాలులో ఆడపిల్లలను నేను చూశాను. పట్టుచీరలు కట్టి, ఎవరో పేర్చి తెచ్చిన బతుకమ్మల పక్కన ఫోటోలు దిగి, గోడవారన కూర్చుంటారు. మా అత్తమ్మ నన్ను తాంబాళం ముందు కూర్చోబెట్టి, గుమ్మడాకులు పరిపించి, గునుగు కాడలను ఒక్క కొలతకు కోయించేది. నడుమ ఆకుల తరుగు కూరి అదుముతూ పోకపోతే మూడో వరుసకే బతుకమ్మ ఒరుగుతుందని నా చేతులతోనే నాకు తెలియజేసింది. ఆ పిల్లకు ఇంతవరకు అందనిది ఇదే. అక్కడ తంగేడు దొరకకపోయినా చామంతికి కొదవ లేదు. టెక్సాస్ పిల్లలు హోమ్‌కమింగ్‌కు రిబ్బన్లు వేలాడే పెద్ద చామంతినే ఎదకు పెట్టుకుంటారు, ఇప్పుడది ఎక్కువగా గుడ్డపువ్వే అయినా.

కాబట్టి అసలు తిథి నాటికి, ముందు రాత్రే తల్లీబిడ్డలు ఇంట్లో కూర్చొని పేర్చాలి. పద్మాక్షి గుట్ట దగ్గర మీరు సాయంత్రం ఏడింటికి ఆడుతుంటే డాలస్‌లో ఉదయం ఎనిమిదిన్నర అవుతుంది. ఫోన్ ఎదురుగా పెట్టుకొని మీతో పాటు నాలుగు చుట్లు తిరగడానికి బడికి ఒక గంట ఆలస్యమైతే కావచ్చు, అందుకు పిల్ల ఒప్పుకోవాలి. శనివారం డాన్సుకు తండ్రి ఒప్పుకోవాలి.

మళ్ళీ మేనత్త:
అన్నకు ఇది చదివి వినిపించాను. శనివారం సంగతి ఆలోచిస్తానన్నాడు, ఇంకా ఒప్పుకోలేదు. పిల్ల మాత్రం రాత్రి ఫోన్ చేసి, నడుమ కూరడానికి ఏ ఆకు పనికొస్తుందని అడిగింది. చామంతి కాడలు కోయగా మిగిలిన ఆకును పారేయవద్దని చెప్పాను.