సూపర్ బౌల్ పార్టీకి అందరికీ ఒకటే వీగన్ చిల్లీ: పెట్టొచ్చా?

ప్లేనో_పిల్ల
ఫిబ్రవరి రెండో ఆదివారం మా ఇంట్లో సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) వాచ్ పార్టీ. పిల్లలు కాక ఇరవై మంది దాకా వస్తారు. సగం మంది శాకాహారులు, ఇద్దరు పూర్తి వీగన్, అంటే పాలు, పెరుగు, నెయ్యి కూడా ముట్టరు. రెండు మూడు రకాలు వండే ఓపిక లేదు. అందుకే పెద్ద గిన్నెతో ఒక్క వీగన్ చిల్లీ చేసి, పక్కన ఫ్రీటోస్ (మొక్కజొన్న చిప్స్), అవకాడో, ఉల్లికాడలు పెట్టేద్దామనుకుంటున్నా. పల్చటి టమాటా పులుసులో నాలుగు రాజ్మా గింజలు తేలేలా కాకుండా, మాంసం తినేవాళ్లకు కూడా కడుపు నిండాలి. చిక్కగా రావాలంటే ఏం చెయ్యాలి? అందరికీ ఇదొక్కటే పెడితే ఏమైనా అనుకుంటారా?

మిరప_మామ
నేను టెక్సస్ వచ్చి చాలా ఏళ్లయింది కాబట్టి చెప్తున్నా. ఇక్కడ చిల్లీ అంటే గొడ్డుమాంసం, ఎండుమిరపకాయలు, జీలకర్ర. 1977లో రాష్ట్ర శాసనసభే దీన్ని టెక్సస్ వంటకంగా ప్రకటించింది. టెర్లింగ్వాలో 1967లో మొదలైన చిల్లీ పోటీలు ఇప్పటికీ జరుగుతున్నాయి, బీన్స్ వేస్తే అక్కడ పోటీలోకే రానివ్వరు. మీరు చేసేది మంచి వంటే కావొచ్చు. చిల్లీ మాత్రం కాదు. రాజ్మా కూర అని చెప్పి పెట్టండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు.

టచ్‌డౌన్_తాత
మన డాలస్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ ఆడతారా? 1996 జనవరి తర్వాత సూపర్ బౌల్ మొహం చూడలేదు మనవాళ్లు. తిండి మీదే దృష్టి పెట్టండి.

ఆకుపచ్చ
మామా, ఆ 1967 పోటీ ఎలా ముగిసిందో కూడా చెప్పండి. చివరి ఓటు వెయ్యాల్సిన జడ్జి నా నాలుక పాడైపోయింది, రుచి తెలియట్లేదన్నాడు. టై అని ప్రకటించారు. సిన్సినాటిలో చిల్లీలో దాల్చినచెక్క వేసి స్పగెట్టి మీద పోసుకుంటారు, వాళ్లనెవరూ జైల్లో పెట్టలేదు.

ప్లేనో_పిల్ల గారూ, ఇంట్లో వీగన్‌గా ఉండేదాన్ని కాబట్టి కాస్త వివరంగా రాస్తా. వీగన్ చిల్లీ నీరసంగా ఎందుకుంటుందంటే అందరూ అన్నీ ఒకేసారి గిన్నెలో పడేసి ఉడికిస్తారు. దేనికది విడిగా వేయించాలి.

మీల్ మేకర్ సన్నరకం (గ్రాన్యూల్స్) తీసుకోండి. సోయా సాస్ కలిపిన వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, నూనెలో అంచులు ఎర్రబడేదాకా వేయించండి. పుట్టగొడుగులు సన్నగా తరిగి, వాటి నీరంతా ఇంకిపోయి మూకుడుకు అంటుకునేదాకా కదపండి. మీల్ మేకర్‌తో నమలడానికి ఏదో ఉన్నట్టుంటుంది, పుట్టగొడుగులతో రుచి. తర్వాత ఉల్లి, వెల్లుల్లి, జీలకర్ర. టమాటా పేస్టు వేసి రంగు ముదిరేదాకా వేయించడం మాత్రం మానొద్దు.

మిరపకాయలు డబ్బాలో పొడి కాకుండా ఎండువే కొనండి: ఆంచో, గ్వాహీయో. గింజలు తీసి, కాస్త వేడిచేసి, నానబెట్టి రుబ్బాలి. ఒక చిపోట్లే వేస్తే పొగ వాసన వస్తుంది. అమెరికన్ వంటల్లో 3 టేబుల్ స్పూన్ల చిల్లీ పౌడర్ అని రాస్తే అది జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి కలిపిన పొడి. ఆ లెక్కన మన గుంటూరు కారం పోస్తే హాఫ్ టైమ్ దాకా ఎవరూ మిగలరు.

చివర్లో రెండు చెంచాల మాసా హరీనా (మెక్సికన్ మొక్కజొన్న పిండి) నీళ్లలో కలిపి పొయ్యండి, చిక్కబడుతుంది. చిటికెడు కోకో కూడా. ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెడితే ఇంకా బాగుంటుంది. ఇరవై మందికి మనిషికి కప్పున్నర చొప్పున 30 కప్పులు, అంటే ఏడున్నర క్వార్టులు. మామూలు 6 క్వార్టుల స్లో కుకర్ చాలదు, పెద్ద గిన్నె అరువు తెచ్చుకోండి.

బయోకెమ్_బాబాయ్
ఎవరూ అసలు సంగతి చెప్పట్లేదు. ఎండు రాజ్మా తిన్నగా స్లో కుకర్లో పోసి పడుకోకండి. ఎర్ర రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్, అంటే ఒక విషపదార్థం, ఉంటుంది. బాగా తెర్లితేనే పోతుంది. స్లో కుకర్లో అంత వేడి రాకపోవచ్చు, సగం ఉడికిన గింజ పచ్చి గింజ కన్నా ప్రమాదం. నాలుగైదు గింజలు చాలు వాంతులు పట్టుకోవడానికి. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో 30 నిమిషాలు మరిగించాలి.

ప్లేనో_పిల్ల
డబ్బా బీన్స్ వాడుతున్నా బాబాయ్ గారూ.

బయోకెమ్_బాబాయ్
డబ్బావి ఉడికినవే, భయం లేదు. చదివే మిగతావాళ్ల కోసం రాశా. ఎండువి ప్రెషర్ కుకర్లో పెట్టినా నానబెట్టడం మానకండి.

చారు_గరిటె
వంట బానే ఉంది, సాసుల సీసాలు కూడా చదవండి. ఆఫీసులో చిల్లీ పోటీ పెడితే వెజిటేరియన్ అని చీటీ అంటించిన గిన్నెలోంచి రెండు గరిటెలు తిన్నాను. తర్వాత చేసినావిడ వూస్టర్‌షైర్ సాస్ వేశానని చెప్పింది. మామూలు వూస్టర్‌షైర్‌లో ఆంకోవీ చేపలుంటాయి. నవ్వేసింది ఆవిడ. ఈ దేశంలో ఏ గేమ్ పార్టీకి వెళ్లినా నాకు మిగిలేది చిప్సూ సల్సానే. ఒక్కసారి ఒక ఇల్లాలు అందరూ తినేది వండుతానంటే దానికింత చర్చా?

కోడికూర_కర్నూలు
అందరూ తినేది కాదండీ, మీరు తినేది. మాకు ఇష్టమైనది అసలు ఉండదు. ఆ మాట ఒక్కటి ఒప్పుకోండి.

చారు_గరిటె
మీరు బీన్స్ తినగలరు, నేను మాంసం తినలేను. రెండూ ఒకటి ఎలా అవుతాయి?

కోడికూర_కర్నూలు
ఒకటి కావు. సరే, నా సంగతి కూడా వినండి. మొన్న దీపావళి పాట్‌లక్‌కి (తలా ఒక వంటకం తెచ్చే విందు) ఒక స్నేహితుడి ఇంటికి మటన్ వేపుడు తీసుకెళ్లా. తెమ్మన్నది ఆయనే. గుమ్మంలోనే గిన్నె అందుకుని గరాజ్‌లో పెట్టారు, పెయింటు డబ్బాల పక్కన మడత బల్ల మీద. తినాలనుకున్నవాళ్లు ప్లేటు పట్టుకుని చలిలో నిలబడి తిన్నాం. లోపలికి వస్తే చేతులు కడుక్కోమన్నారు. ఎవరూ ఏమీ అనలేదు, అందరూ చాలా మర్యాదగా ఉన్నారు. ఆ మర్యాదే నాకు మండింది. ఇంటికి పిలిచి తిండిని బయట పెడితే, పిలిచింది నన్నేనా అనిపించింది.

మిరప_మామ
నా బీన్స్ అభ్యంతరం వేరు, దీంతో కలపకండి.

చారు_గరిటె
మాంసం వాసన పడనివాళ్లు ఉంటారు. అది అవమానం కాదు. వాంతి వస్తే ఏం చెయ్యమంటారు?

కోడికూర_కర్నూలు
కిటికీ తెరవమంటాను. పప్పులో ఇంగువ వేస్తే నాకూ పడదు, నేనెవర్నీ గరాజ్‌లోకి పంపలేదు.

ప్లేనో_పిల్ల
గొడవ పెద్దదవుతోంది కాబట్టి చెప్తున్నా. ఓపిక ఒక్కటే కారణం కాదు. మా అత్తయ్యగారు ఆరు నెలలకు వచ్చారు. ఆవిడ ఉన్నన్నాళ్లు ఇంట్లో మాంసం రాదు, వేరేవాళ్లు తెచ్చినా సరే. ఇద్దరు వీగన్లు వస్తున్నారు కాబట్టి అందరికీ వీగన్ అంటే ఎవరూ ఏమీ అడగరనుకున్నా.

ఆకుపచ్చ
అంటే ఆ ఇద్దరి పేరు చెప్పి మీ ఇంటి మడి నడుపుతారన్నమాట. మీ అత్తగారు పెరుగు మానేస్తారా? నెయ్యి? నేను వీగన్ అయింది పాడి ఆవుల సంగతి తెలిశాక. గిన్నె ఎవరు తాకారో చూడ్డానికి కాదు. రేపు పార్టీలో అందరూ ఆ ఇద్దరి మీద పడతారు, మీ వల్లే మాకు బీన్స్ అని. పైగా సోర్ క్రీమ్ పక్కన పెడతారు, అదే గరిటె చిల్లీలో ముంచుతారు. ఎన్నిసార్లు చూశానో.

కోడికూర_కర్నూలు
నేను అడగాలనుకున్నది అదే. మా ఇంట్లో మాంసం రాదు అంటే నేను గౌరవిస్తా. మా అమ్మమ్మకూ శనివారాలుండేవి. వీగన్ అంటే ఆరోగ్యం, పర్యావరణం అని పెద్దమాటలా ఉంటుంది, మా అత్తగారికి పడదు అంటే మొహమాటం. ఆ మొహమాటం కోసం మాంసం తినేవాడికి ఉపన్యాసం ఎందుకు? పిలిచేటప్పుడే చెప్పండి, రావాలో వద్దో మేము చూసుకుంటాం.

చారు_గరిటె
మడి అనే మాటను బూతులా వాడుతున్నారు ఇద్దరూ. ఒక పెద్దావిడ తన వంటింట్లో తన పద్ధతి ఉండాలంటే అందులో తప్పేముంది?

కోడికూర_కర్నూలు
తన వంటింట్లో తప్పు లేదు. ఆ వంటిల్లు కోడలిది కూడా, ఆవిడకేం తినాలనుందో ఎవరూ అడగలేదు. ప్లేనో_పిల్ల గారూ, మీరు మాంసం తింటారా?

ప్లేనో_పిల్ల
తింటాను. ఆఫీసులో.

టచ్‌డౌన్_తాత
అమ్మో.

మిరప_మామ
మా ఇంట్లోనూ అంతే తల్లీ. నా బ్రిస్కెట్ (గొడ్డుమాంసం) చిల్లీ అంతా పెరట్లో గ్యాస్ స్టవ్ మీదే. అయినా బీన్స్ వెయ్యను.

బయోకెమ్_బాబాయ్
పెరట్లో వండినా, లోపల వండినా ఒక సంగతి. ఆట సెంట్రల్ టైమ్ 5:30కి మొదలై మూడు గంటల పైనే సాగుతుంది. చిల్లీ 140 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన ఉండాలి. పొయ్యి మీంచి దించి బల్ల మీద వదిలేస్తే రెండు గంటలకు మించి ఉంచొద్దు.

ప్లేనో_పిల్ల
ఈ రాత్రి గ్రూపులో మెసేజ్ మారుస్తున్నా. "మా అత్తయ్యగారు ఉన్నారు, ఇంట్లో శాకాహారమే, చిల్లీ వీగన్" అని రాస్తా. సోర్ క్రీమ్ వేరే బల్ల మీద, వేరే గరిటెతో. ఆకుపచ్చ గారూ, మీల్ మేకర్ ఎంత వెయ్యాలి? పిల్లలకు కారం తగ్గించి వేరే చిన్న గిన్నె తియ్యాలనుకుంటున్నా.

ఆకుపచ్చ
పొడిగా నాలుగు కప్పులు నానబెట్టండి, బాగా ఉబ్బుతుంది. పిల్లల గిన్నె చిపోట్లే వెయ్యకముందే తీసేయండి. వాల్‌నట్లు వెయ్యమనేవాళ్లుంటారు, పిల్లల్లో ఎవరికైనా నట్ ఎలర్జీ ఉందేమో ముందే కనుక్కోండి.

కోడికూర_కర్నూలు
అలా చెప్పి పిలిస్తే నేనైతే వస్తాను, గిన్నె నాకి మరీ పెడతాను. మార్చిలో మా ఇంట్లో బాస్కెట్‌బాల్ పార్టీ. ఒకటే గిన్నె, మేక మాంసం. ముందే చెప్తున్నా.

చారు_గరిటె
అప్పుడు నాకేం పెడతారు?

కోడికూర_కర్నూలు
అడిగారుగా. అడిగితే చేస్తాను. వూస్టర్‌షైర్ లేకుండా.

చారు_గరిటె
మీ స్టవ్ మీద, మీ గరిటెతో అయితే వద్దులెండి. ఫ్రీటోస్ నేనే తెచ్చుకుంటా.