టెన్త్ శ్రీకాకుళంలో రాయించి తేవాలా, ఇప్పుడే తెచ్చేయాలా?

అన్నయ్యలకీ అక్కలకీ నమస్కారం. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. హెచ్-1 మీద జనవరిలో న్యూజెర్సీ వచ్చాను, ఇంట్లోవాళ్లు జూలైలో వస్తున్నారు. మా బాబు శ్రీకాకుళంలో తొమ్మిది పూర్తి చేశాడు. "టెన్త్ ఇక్కడే రాయనీ, మధ్యలో లాక్కెళితే రెంటికీ చెడ్డ రేవడవుతాడు" అంటున్నారు నాన్నగారు. ఏం చేయమంటారు?

నరసన్నపేట అన్నయ్య, న్యూజెర్సీ:

తమ్ముడూ, తెచ్చేయ్. మనకి టెన్త్‌లో 600కి ఎన్ని వచ్చాయన్నదే లెక్క, తొమ్మిది మార్కులు ఎవరూ అడగరు. ఇక్కడ హైస్కూలంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లు, కాలేజీలు అన్నీ చూస్తాయి. వచ్చే ఏడు తెచ్చావనుకో, పదకొండులో దిగుతాడు. కాలేజీలకి సిఫార్సు ఉత్తరాలు రాయాల్సిన టీచర్లకి వాడి ముఖం సరిగ్గా తెలిసేసరికే దరఖాస్తులొచ్చి పడతాయి. కామన్ యాప్, అంటే చాలా కాలేజీలకి ఒకే చోట దరఖాస్తు పెట్టే వెబ్‌సైటు, ఏటా ఆగస్టు 1న తెరుస్తారు మరి.

ఎనిమిది, తొమ్మిది మార్కుల కాగితాలు ఇంగ్లీషులో, స్కూలు ముద్రతో తెప్పించు. తొమ్మిదిలో ఏ సబ్జెక్టులో ఏం చెప్పారో ఒక పేజీ రాయించి హెడ్మాస్టరు గారి సంతకం పెట్టించు. టీసీ, టీకాల కార్డు సరేసరి. కార్డు దొరక్కపోతే వేసిన టీకాలే మళ్లీ వేయించుకోమంటారు.

చేర్పించే రోజు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారం ఇస్తారు. తెలుగని రాస్తే పిల్లాడికి ఇంగ్లీషు పరీక్ష పెడతారని భయపడి కొందరు ఇంగ్లీషని రాసేస్తారు. ఉన్నదే రాయి. సాయం అవసరమని తేలితే బడివాళ్లే ఇస్తారు, పైసా అడగరు.

ఇక లెక్కలు. ఇక్కడే నేను దెబ్బ తిన్నాను. మావాడు వచ్చినప్పుడు, ఎవరు ఏ కోర్సులో చేరాలో చూసే స్కూలు కౌన్సెలర్ ఆల్జీబ్రా 1లో వేస్తే, పెద్దవాళ్లు వేశారు కదా అని తలూపి వచ్చేశాను. ఇక్కడ లెక్కలు మెట్ల వరస: ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాల్క్యులస్, ఆపైన కాల్క్యులస్. తొమ్మిదిలో మొదటి మెట్టు మీద నిలబడ్డవాడు పన్నెండుకి ప్రీకాల్క్యులస్ దగ్గర ఆగిపోతాడు. ఇంజనీరింగ్ అనుకునేవాడికి అది లోటే. నాకది అర్థమయ్యేసరికి వాడు పదకొండులో ఉన్నాడు. నువ్వు మాత్రం మొదటి రోజే, ఏ మెట్టు మీద వేయాలో తేల్చే ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టమని అడుగు. తొమ్మిది పూర్తయినవాడు ఆల్జీబ్రా 1లో కొంత ఇప్పటికే చదివే ఉంటాడు. జామెట్రీ, ఆల్జీబ్రా 2 ఒకే ఏడు చదవనిస్తారా అని కూడా అడుగు. అడిగితే ఏటనుకుంటారో అని మొహమాటపడకు, ఇక్కడ అడగనివాడిదే తప్పు.

ఇంకోటి, హోంవర్క్. ఊళ్లో పరీక్షల ముందు నెల్రోజులు కూర్చుంటే గట్టెక్కేవాళ్లం. ఇక్కడ నాలుగు హోంవర్కుల్లో తొంభై చొప్పున తెచ్చుకుని, ఐదోది ఇవ్వడం మర్చిపోతే సగటు 72. చాలా బళ్లలో అది ఏ గ్రేడు నుంచి సీకి పడిపోవడమే. రాత్రి పన్నెండు దాకా చదివించే ముందు, స్కూలు యాప్‌లో 'మిస్సింగ్' అని ఏమైనా ఉందేమో వారానికోసారి వాడి పక్కన కూర్చుని చూడు. వాడి వెనకాల చూడకు, అది గూఢచారి పని.

బొబ్బిలి అక్క, టెక్సస్:

తమ్ముడు గారూ, అన్నయ్య చెప్పినవన్నీ నిజమే గానీ ఆయన లెక్కలు దాటి బయటికి రారు. మా అమ్మాయి మొదటి రెండు నెలలు లంచ్ డబ్బా లైబ్రరీలో ఒక్కతే కూర్చుని తినేదట. మాకు అక్టోబరులో తెలిసింది. మార్కులు బాగున్నాయి కదా అని మేం నిబ్బరంగా ఉన్నాం. తర్వాత ఎవరో చెబితే క్రాస్ కంట్రీ పరుగులో చేర్పించాం. ఆ ఆటలో చాలా బళ్లు వచ్చిన వాళ్లనందర్నీ తీసుకుంటాయి. ప్రాక్టీసు ఆగస్టులోనే, బడి తెరవకముందే మొదలవుతుంది, కాబట్టి మొదటి రోజుకే నలుగురు తెలిసిన ముఖాలుంటాయి. డాక్టరు సంతకం చేసిన ఫారం ఒకటి కావాలి. బొబ్బిలి నుంచి మా అత్తగారు మాత్రం ఫోనులో "చదువుకోమంటే ఆ పరుగులేటే గుంటా" అని ఇప్పటికీ తిడుతుంటారు.

ఏపీ కోర్సులు, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులు, మొదటి ఏడు ఒకటి చాలు. పరీక్షలు మే నెలలో, మార్కులు 5కి వేస్తారు. పక్కింటి అబ్బాయి నాలుగు తీసుకున్నాడని మీ వాడి నెత్తిన రుద్దకండి.

వీసా సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. హెచ్-4 మీద, అంటే హెచ్-1 వాళ్ల కుటుంబానికిచ్చే వీసా మీద ఉన్న పిల్లలు జీతానికి పనిచేయకూడదు. కాలేజీ చదువుకి ఫెడరల్ ప్రభుత్వమిచ్చే ఆర్థిక సాయం రాదు. 21 నిండితే ఆ వీసా ఉండదు. పబ్లిక్ యూనివర్సిటీలో ఆ రాష్ట్రంలో ఉండేవాళ్లకిచ్చే తక్కువ ఫీజు వర్తిస్తుందా లేదా అన్నది ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. ఇవి బాబుకి పదకొండులోనే తెలియాలి. మేం అమ్మాయికి పన్నెండులో చెప్పాం, నెల్రోజులు మాతో మాట్లాడలేదు.

అడిగిన తమ్ముడు:

చాలా థాంక్స్ అన్నయ్యా, అక్కా. రాత్రి నాన్నగారికి ఫోన్ చేసి అన్నయ్య రాసింది మొత్తం చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి వాడి సైకిలేం చేద్దాం" అన్నారు, అంటే ఒప్పుకున్నట్టే. టీసీకి మా బావమరిది రేపు స్కూలుకి వెళ్తున్నాడు. వాళ్లు వచ్చేటప్పుడు పలాస జీడిపప్పు తెమ్మన్నాను. న్యూజెర్సీలో ఎవరికి ఎంత కావాలో చెప్పండి.