పాత డీజిల్ లారీ: స్లోలో మిస్సింగ్, తెల్ల పొగ

ప్రశ్న:
అన్నా, మాది అంబాజీపేట. కొబ్బరికాయల లోడ్లకి తిప్పే పాత నాలుగు సిలిండర్ల బండి, లైన్ పంపు (సిలిండర్లన్నిటికీ డీజిల్ నెట్టే పంపు) ఇంజను. స్లోలో మిస్ కొడుతోంది, క్యాబిన్ ఊగిపోతోంది, తెల్ల పొగ. రేజ్ చేస్తే సర్దుకుంటోంది. డీజిల్ ఫిల్టర్లు కొత్తవే. మెకానిక్ పంపు దింపేద్దామంటున్నాడు. దింపాలా?

జవాబు 1:
వద్దు తమ్ముడూ, పంపు జోలికి ఇప్పుడే వెళ్లొద్దు! ముందు ఏ సిలిండర్ పడుకుందో తేల్చు. ఇంజను స్లోలో ఉండగా నోజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) పైపు నట్లు ఒక్కొక్కటే కొంచెం వదులు చేసి మళ్లీ బిగించు. మంచి సిలిండర్‌దైతే ఇంజను ఇంకా కుంటుతుంది. శబ్దం మారలేదంటే దొంగ అదే. ఆ నోజిల్‌ని పక్కదానితో మార్చి చూడు. మిస్ పక్క సిలిండర్‌కి వెళ్తే నోజిల్ పోయినట్టు. అక్కడే ఉంటే ట్యాపెట్ గ్యాప్ (వాల్వు దగ్గరి సందు), కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) చూడాలి. చేతికి గ్లౌజు, కళ్లకి అద్దాలు తప్పనిసరి. వదులు చేసిన నట్టు దగ్గర చిమ్మే డీజిల్ ధార చర్మంలోకి దూరితే వెంటనే ఆసుపత్రికి పోవాల్సిందే.

జవాబు 2:
ఇది చదివి కామన్ రైల్ బండికి (అన్ని నోజిళ్లకీ ఒకే హై ప్రెషర్ గొట్టం నుంచి డీజిల్ వెళ్లే రకం) ఎవరూ చేయకండి, దయచేసి. అందులో ప్రెషర్ 1,000 బార్ దాటుతుంది, ప్రాణం మీదికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
రెండో నట్టు వదిలితే తేడా లేదన్నా. నోజిల్ మూడోదానితో మార్చాం, మిస్ మూడోదానికి పోయింది.

జవాబు 1:
అయితే నోజిలే. నాలుగూ టెస్టింగ్‌కి ఇచ్చెయ్. బిగించేటప్పుడు కింద రాగి వాషర్లు కొత్తవి వెయ్యి, పాతవి వేస్తే సిలిండర్ గ్యాస్ అక్కడ లీక్ కొడుతుంది.