లై, లే: పడుకోవడమా, పడుకోబెట్టడమా?

ప్రశ్న: పర్లాకిమిడి ట్యూషన్ మాస్టారు
నా దగ్గర చదువుకునే తొమ్మిదో తరగతి అమ్మాయి సెలవు చీటీలో, నాయనమ్మ జ్వరంతో మంచం మీద ఉందని చెప్పడానికి ‘మై గ్రాండ్‌మదర్ ఈజ్ లేయింగ్ ఇన్ బెడ్’ అని రాసింది. నేను ‘లైయింగ్’ అని దిద్దితే, ‘అంటే అబద్ధమాడుతోందని కదా, మాస్టారూ?’ అని అడిగింది. పిల్లలందరూ నవ్వారు గాని, నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే ఈ పిల్లలకు ఆ తేడా ఎలా చెప్పాలి?

జవాబు: గుణుపురం నుంచి
ఆ తేడా వాళ్ల నోట్లోనే ఉంది, మాస్టారూ. పడుకోవడం, పడుకోబెట్టడం, ఒడియాలోనైతే శోఇబా, శుఆఇబా. ‘ఎవరిని? దేనిని?’ అని అడిగితే జవాబు వచ్చే చోట ‘లే’, రాని చోట ‘లై’. నాయనమ్మ తానే పడుకుంది కనుక ‘లై’. తల్లి బిడ్డను ఉయ్యాలలో పడుకోబెడితే ‘లే’. కోడి గుడ్డు పెట్టడానికీ ‘లే’ అనే అంటారు, మన ‘పెట్టు’ రెండు చోట్లా ఉన్నట్టే. ‘రైజ్’, ‘రెయిజ్’ కూడా ఇటువంటి జంటే: లేవడం, లేపడం. తెలుగులో ‘లే’ అంటే నిద్ర లేవమనడం కావడం మాత్రం మన ఖర్మ!

జవాబు: రాయగడ నుంచి
పై సూత్రం సరైనదే గాని, పిల్లలు అసలు బోల్తా పడేది భూతకాలంలో. ‘లై’కి భూతకాల రూపం ‘లే’, ఆపైన ‘లెయిన్’. పడుకోబెట్టే ‘లే’కి రెండు చోట్లా ‘లెయిడ్’. అబద్ధమాడే ‘లై’కి రెండు చోట్లా ‘లైడ్’. మీ ఊరి ఉదాహరణే చెప్పండి. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు నడవడం మొదలైంది; దాని పట్టాలను కూలీలు వేశారంటే ‘లెయిడ్’, తరవాత ఏ పాత పట్టాముక్కో పొదల్లో పడి ఉండేదంటే ‘లే’. ‘లైయింగ్’ రూపం మాత్రం పడుకోవడానికీ అబద్ధానికీ ఒక్కటే కనుక ఆ అమ్మాయి సందేహం న్యాయమైనదే. పక్కన ‘ఇన్ బెడ్’ ఉన్నాక అపార్థానికి చోటు లేదు. ఇంగ్లీషువాళ్లలోనే చాలామంది మాటల్లో ‘లేయింగ్’ అనేస్తారు గాని, పరీక్షలో అలా రాస్తే మార్కు పోతుంది.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ ధన్యవాదాలు. రేపటి పాఠం ఉయ్యాలతో మొదలుపెట్టి రైలు పట్టాల దాకా తీసుకువెళతాను. చీటీ ఈ ఉదయమే బడికి చేరాలి గనుక ‘లైయింగ్’తోనే పంపాను, నాయనమ్మకు జ్వరం తగ్గిందట.