కరగడం, ద్రవీభవనం ఒకటేనా?

ప్రశ్న: సైన్సు పాఠం రాస్తున్నానండి. మంచుగడ్డ కరిగింది, ఉప్పు నీళ్లలో కరిగింది అంటాం. రెంటికీ ఒకే మాట వాడితే పిల్లలు తికమకపడరా?

జవాబు 1: పడతారు. మంచు వేడి పీల్చుకుని 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర తనంతట తాను నీరవుతుంది, అది ద్రవీభవనం. ఉప్పు మాత్రం మామూలు వేడిలోనే నీటిలో కలిసిపోతుంది. 100 గ్రాముల నీటిలో దాదాపు 36 గ్రాములు కరిగాక మిగిలింది అడుగున ఉండిపోతుంది. ఆ ఉప్పునే నీళ్లు లేకుండా కరిగించాలంటే 801 డిగ్రీలు కావాలి! అందుకే ‘నీటిలో’ అన్న మాట వదలొద్దు. ఉప్పు ద్రావితం, నీరు ద్రావణి, రెండూ కలిస్తే ద్రావణం.

జవాబు 2: క్రియారూపం కూడా చూసుకోండి. మైనం కరుగుతుంది, మనం కరిగిస్తాం. ‘మైనాన్ని కరిగాము’ అని రాస్తే తప్పు. చెక్కకి ఈ మాటే పొసగదు, అది కరగదు, కాలుతుంది.

జవాబు 3: మనుషుల విషయంలో ఇంకా అందమైన తేడా ఉందండీ. జాలిపడితే మనసు ‘కరిగింది’, ధైర్యం పోతే మనిషి ‘నీరుగారిపోయాడు’. ఒకదాని బదులు ఇంకోటి వేస్తే అర్థమే మారిపోతుంది. కరగని మనసుని ‘కరడుగట్టింది’ అంటాం. మంచు కరగడానికి ఎదురుమాట మాత్రం ‘గడ్డకట్టడం’.

ప్రశ్న అడిగినవారు: ‘నీటిలో’ చేర్చి వాక్యాలు మారుస్తానండి, ధన్యవాదాలు.