అమ్మ బయాప్సీ రిపోర్టులో పీ53 మ్యూటెంట్ అని ఉంది, మాకూ వస్తుందా?

గుంటూరు_పెద్దమ్మాయి:
అమ్మకు 54. రెండు ముద్దలకే కడుపు నిండిపోతోందంటే గ్యాస్ అనుకుని మూడు నెలలు మందులు వాడాం. ఇప్పుడు అండాశయ క్యాన్సర్ అంటున్నారు. రిపోర్టులో "హై గ్రేడ్ సీరస్, డబ్ల్యూటీ1 పాజిటివ్, పాక్స్8 పాజిటివ్, పీ53 మ్యూటెంట్" అని ఉంది, రక్తంలో చూసే సీఏ-125 ఏమో 840. మా పిన్ని 41 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. డాక్టరు గారు జీన్ టెస్టు రాశారు కానీ అడిగే టైమే దొరకలేదు. పీ53 మ్యూటెంట్ అంటే వంశంలో ఉన్నట్టేనా? నాకూ చెల్లికీ కూడానా? నిద్ర పట్టడం లేదు.

విశాఖ_ల్యాబ్:
అమ్మా, ముందు ఆ పీ53 టెన్షన్ వదిలేయండి. నేను పాథాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. హై గ్రేడ్ సీరస్ (వేగంగా పెరిగే రకం) గడ్డల్లో దాదాపు అన్నిటిలోనూ పీ53 అనే జీన్ చెడే ఉంటుంది, ఆ మార్పు గడ్డలో పుట్టినదే, దాన్నిబట్టి వంశపారంపర్యం అనలేం. డబ్ల్యూటీ1, పాక్స్8 అనేవి గడ్డ ఎక్కడ పుట్టిందో తెలుసుకోడానికి చూసే ప్రోటీన్లు, రెండూ పాజిటివ్ అంటే పేగు నుంచో రొమ్ము నుంచో పాకింది కాదు, అండాశయం, ట్యూబుల వైపు పుట్టిందే అని. వంశం సంగతి తేలేది రక్తంలో బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జీన్లు చూస్తేనే. అవి చెడినవాళ్లకు ఎక్కువగా వచ్చేది ఈ రకమే, అది కూడా చాలాసార్లు ఫెలోపియన్ ట్యూబు చివర్లో మొదలవుతుంది. పిన్ని గారి సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

కర్నూలు_రమణి:
సీఏ-125 గురించి నా అనుభవం. మా అక్కకు కడుపులో నీరు, ఆ నంబరు 400 దాటింది (35 లోపు ఉండాలట), ఇంట్లో అందరం ఏడ్చేశాం, తీరా ముక్క తీసి చూస్తే కడుపు పొరకు పట్టిన టీబీ. ఎండోమెట్రియోసిస్‌లో (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు), నెలసరిలో కూడా పెరుగుతుందట. మొదటి దశ క్యాన్సర్‌లోనేమో చాలామందికి మామూలుగానే ఉంటుంది. కాబట్టి మీరూ చెల్లీ ఏటా అదొక్కటీ చేయించుకుని ధైర్యంగా ఉండిపోవద్దు. బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా మామూలు ఆడవాళ్ల మీద చేసిన పరిశోధన ఫలితం 2021లో వచ్చింది, ఏటేటా ఈ పరీక్షలు చేసినా మరణాలు తగ్గలేదు. అమ్మకు కీమో పనిచేస్తోందా లేదా చూడటానికి మాత్రం బాగా పనికొస్తుంది.

హైదరాబాద్_38:
నాకు బీఆర్‌సీఏ1 తేడా ఉంది, అదీ నాన్న నుంచి. నాన్నకు ఏ జబ్బూ లేదు, మేనత్తకు వచ్చింది. మగవాళ్ల ద్వారా కూడా వస్తుందని మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. పిల్లల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం. బీఆర్‌సీఏ1 ఉంటే 80 ఏళ్ల లోపు అండాశయ క్యాన్సర్ నూటికి 44 మందికి, బీఆర్‌సీఏ2 అయితే 17 మందికి వస్తుందని కౌన్సెలింగ్‌లో చెప్పారు. ఇద్దరు పిల్లలు చాలనుకుని, 38కి అండాశయాలూ ట్యూబులూ తీయించుకున్నాను. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, అవన్నీ నిజమే, అయినా మళ్లీ అదే చేస్తాను.

న్యూజెర్సీ_శ్రీను:
అందరిదీ బీఆర్‌సీఏ కాదండీ. మా అమ్మది ఎండోమెట్రియాయిడ్ అనే వేరే రకం అండాశయ క్యాన్సర్, గడ్డలో ఎంఎస్‌హెచ్6 అనే, డీఎన్‌ఏ తప్పులు సరిచేసే ప్రోటీన్ లేదని వచ్చింది. తాతయ్యకు పెద్దపేగు క్యాన్సర్ ఉండేదని అప్పుడు గుర్తొచ్చింది. రక్తపరీక్షలో లించ్ సిండ్రోమ్ (పెద్దపేగు, గర్భసంచి, అండాశయ క్యాన్సర్ల ముప్పు వంశంలో వచ్చేది) అని తేలింది. ఇప్పుడు నేను కూడా కొలనోస్కోపీ చేయించుకుంటున్నాను.

తెనాలి_అత్తయ్య:
ఆ టెస్టులు చేయిస్తే ఆడపిల్ల సంబంధాలు చెడతాయి, కాస్త ఆలోచించండి.

హైదరాబాద్_38:
అత్తయ్య గారూ, మీ భయం నాకు తెలుసు, మా అమ్మ కూడా ఇదే మాట అంది. మేనత్త రిపోర్టు బీరువాలో దాచడం వల్లే మా చిన్నత్త పరీక్ష చేయించుకోలేదు. మూడో దశలో దొరికింది. ఊరందరికీ చెప్పొద్దు, ఇంట్లో ఆడపిల్లలకు మాత్రం చెప్పండి.

గుంటూరు_పెద్దమ్మాయి:
నెల తర్వాత రాస్తున్నాను. అమ్మ రక్తంలో బీఆర్‌సీఏ1 వచ్చింది. కీమో బాగా పనిచేస్తే తర్వాత ఒలాపరిబ్ మాత్రలు మొదలుపెడతారట, ఈ జీన్ తేడా ఉన్నవాళ్లకు అవి బాగా పనిచేస్తాయన్నారు. సీఏ-125 840 నుంచి 96కి దిగింది. సోమవారం నేనూ చెల్లీ రక్తం ఇస్తున్నాం. పిన్ని కూతురికి ఫోన్ చేసి అన్నీ చెప్పాను, చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "అక్కా, నేనూ వస్తాను" అంది.